గోదాలో ఆంగ్లేయుడు, గోదాలో ముస్లిం

డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీల గురించి ఈ పత్రికలో వ్యాసమేమిటని పాఠక సోదరులకు, సోదరీమణులకు అనిపించవచ్చు. వక్ఫ్ ఆస్తుల పరిరక్షణ, ఉపకార వేతనాల జాప్యం, అద్దె ఇళ్ళ నిరాకరణ వంటి బరువైన విషయాలుండగా, గెలుపోటములు ముందే నిర్ణయమైపోయిన ఒక తన్నులాటకు ఇంత చోటు అవసరమా అన్నది సహేతుకమైన ప్రశ్నే. అయితే మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల మన పిల్లల్లో చాలామందికి ఇంగ్లండు, ఇరాన్, జపాన్ అనే దేశాలు మొదట పరిచయమైనది భూగోళ పాఠంలో కాదు, ఈ గోదాలోనే అని మా అభిప్రాయం. 1990లలో కేబుల్ టీవీతో పాటు ఈ కుస్తీలు మన ఇళ్ళలోకి వచ్చాయి. వాటి వెంటే బడి పక్క అంగళ్ళలోకి ట్రంప్ కార్డులు వచ్చాయి. కార్డు మీద మల్లుని బొమ్మ, దాని కింద ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ర్యాంకు. పలకల ఫ్యాక్టరీల్లో పనిచేసేవారి పిల్లలు సైతం ఆ కార్డుల కోసం చిల్లర కూడబెట్టేవారు. నేడు కార్డులు పోయి ఫోన్లు వచ్చాయి. బొమ్మలు మాత్రం అవే.

ఇది క్రీడ కాదు, నాటకం. ఆ సంగతి కంపెనీయే ఒప్పుకున్నది. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు, తమది పోటీ కాదని, వినోదం మాత్రమేనని, కనుక క్రీడల నియంత్రణ నిబంధనలు తమకు వర్తించరాదని విన్నవించుకున్నది. నాటకమన్నాక పాత్రలు కావాలి. పది నిమిషాల కుస్తీలో ఒక మనిషి స్వభావాన్ని వివరించే తీరిక ఉండదు గనుక అతని దేశాన్ని అడ్డదారిగా వాడుకుంటారు. ఒక జెండా, ఒక తలపాగా, కాసింత సంగీతం చాలు. ఎవరికి చప్పట్లు కొట్టాలో, ఎవరిని ఈసడించాలో ప్రేక్షకుడు అర నిమిషంలో తేల్చుకుంటాడు. మన వీధి నాటకాల్లోనూ రాక్షస పాత్రకు ఎర్రని కళ్ళు, కోరమీసాలు ఉండవా అని అడగవచ్చు. ఉంటాయి. కానీ రాక్షసుల పేరుతో మన వీధిలో ఎవరూ కాపురముండరు.

ముందుగా ఆంగ్లేయుని సంగతి చూద్దాం. ఆంగ్లేయులు తమను తాము చిత్రించుకున్న బొమ్మ పేరు జాన్ బుల్. 1712లో జాన్ ఆర్బత్‌నాట్ అనే రచయిత వ్యంగ్య రచనలో పుట్టిన ఈ బొజ్జ మనిషి, తరువాతి కాలపు కార్టూన్లలో బుల్‌డాగ్ జాతి కుక్కతో దేశమంతటికీ గుర్తయ్యాడు. 1980లలో ఆ కుక్కే అమెరికా గోదాలోకి వచ్చింది. డేవీ బాయ్ స్మిత్, డైనమైట్ కిడ్ అనే ఇద్దరు వరుసకు అన్నదమ్ములు ‘బ్రిటిష్ బుల్‌డాగ్స్’ పేరుతో, మటిల్డా అనే నిజమైన కుక్కను వెంటబెట్టుకొని వచ్చేవారు. వీరిది లాంకషైరు. మిల్లు బట్టతో మన నేతగాళ్ళ మగ్గాలను దెబ్బతీసిన లాంకషైరే అది. ఆ మిల్లు ఊళ్ళలో, బొగ్గు గనుల దగ్గర శ్రమజీవులు పట్టిన పట్ల నుండే నేటి కుస్తీ పద్ధతులు అనేకం పుట్టాయి. 1992 ఆగస్టు 29న లండన్ వెంబ్లీ స్టేడియంలో స్మిత్ తన బావమరిది వరుసైన బ్రెట్ హార్ట్‌ను ఓడించినప్పుడు, కంపెనీ ప్రకటించిన లెక్క ప్రకారం 80,355 మంది చూశారు. జెండా కప్పుకున్న శ్రామికుడు ఆనాడు జాతి వీరుడయ్యాడు.

ఆంగ్లేయునికి రెండవ వేషం కూడా ఉంది. బ్లాక్‌పూల్ సముద్రతీరపు వినోద కేంద్రంలో కుస్తీలు పట్టి పైకి వచ్చిన ఒక సామాన్యుడు 1993లో అమెరికాకు చేరగానే ‘లార్డ్ స్టీవెన్ రీగల్’ అయిపోయాడు. అంగరఖా, ముక్కు మీద కోపం, ప్రేక్షకులంతా అలగా జనమన్న చూపు. అమెరికన్లు అతన్ని ఈసడించి ఆనందించారు. ఇది దుష్టపాత్రే, సందేహం లేదు. కానీ అతని నేరమేమిటి? తాను అధికుడననుకోవడం. శిక్ష పడినది గర్వానికి. ఆ నవ్వులో బ్రిటిష్ జనం కూడా పాలుపంచుకోగలరు, ప్రభువుల దర్పాన్ని చూసి వారూ నవ్వుతారు కనుక. రీగల్‌ను చూసిన కారణంగా ఏ ఆంగ్లేయునికీ ఎక్కడా ఇల్లు అద్దెకు దొరకకుండా పోలేదు.

ఇక ఆ గోదాలోకి ముస్లిం ఎలా ప్రవేశించాడు? మొదటి ప్రవేశం సగర్వమైనదే. 1910లో గులాం ముహమ్మద్ బక్ష్, అంటే గామా పహిల్వాన్, లండన్ వెళ్ళాడు. ఎత్తు చాలదని పోటీలో పేరు చేర్చుకోలేదు. ఎంతటి బరువువాడైనా సరే, అరగంటలో ముగ్గురిని పడగొడతానని సవాలు విసిరి, అమెరికన్ వైద్యుడు బెంజమిన్ రోలర్‌ను చిత్తు చేసి దారి తెరిపించుకున్నాడు. సెప్టెంబరు 10న పోలండు మల్లుడు జిబిస్కో రెండున్నర గంటలకు పైగా నేలకు కరుచుకొని కాలం గడిపాడు. వారం తరువాత తిరిగి పోరుకు రానే లేదు. పట్టీ గామాకు దక్కింది. ఆ పట్టీ పేరు జాన్ బుల్! ఆంగ్లేయుని వ్యంగ్య చిత్రం పేరు పెట్టిన పట్టీ అమృతసర్ ప్రాంతపు ముస్లిం నడుముకు చేరింది. పైగా చట్టరీత్యా ఆనాడు గామా కూడా బ్రిటిష్ ప్రజే. ఆ పదంలో అతనికి చోటు కాగితం మీద మాత్రమే ఉండేది.

ఆ కాలంలో బ్రిటిష్ వారికి భారతీయుల శరీరాల గురించి ఒక పట్టిక ఉండేది. పోరాట జాతులు ఇవి, కానివి ఇవి అని రాసుకున్నారు. మద్రాసు సైన్యానికి అధిపతిగా పనిచేసిన లార్డ్ రాబర్ట్స్ వంటివారు నమ్మిన ఆ సిద్ధాంతం కారణంగానే తెలుగువారికి సైన్యంలో చోటు తగ్గిపోయింది. అదే సమయంలో 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంచుతూ, ఛాతీ మీద ఏనుగును నిలుపుకుంటూ దేశమంతా సర్కస్‌తో తిరిగాడు. మనవారు ఆయనను కలియుగ భీముడన్నారు. ఇంగ్లీషువారి లోకంలో ఇండియన్ హెర్క్యులస్ అయ్యాడు. గ్రీకు వీరుని పేరు తగిలిస్తే తప్ప తెలుగువాని బలం వారి లెక్కలోకి ఎక్కలేదేమో! ముద్ర అనేది మొదట మనందరి మీదా పడినదే అని చెప్పడానికి ఈ మాట రాశాము. కుస్తీ, పహిల్వాన్, వస్తాదు, తాలీంఖానా అనే మాటలు ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి, హిందువుల నోటా ముస్లిముల నోటా ఒక్కలాగే పలికిన ప్రాంతం మనది. గామా కూడా విభజన వేళ లాహోరులో తన పొరుగు హిందూ కుటుంబాలకు కాపుగా నిలిచినవాడు.

గామా తరువాత దృశ్యం మారింది. అమెరికాలో ‘ది షేక్’ అనే పేరుతో దశాబ్దాల పాటు భయపెట్టిన మల్లుడు ఎడ్ ఫర్హాత్, మిచిగన్ రాష్ట్రంలో స్థిరపడిన లెబనాన్ క్రైస్తవ కుటుంబీకుడు, అమెరికన్ సైన్యంలో పనిచేసినవాడు. గోదాలో జానమాజు పరచి నమాజును అభినయించి, ఆ తరువాత ఎదుటివాని ముఖం మీదికి నిప్పు విసిరేవాడు. ‘ఐరన్ షేక్’ ఖోస్రో వజీరి నిజంగానే ఇరానీయుడు, మంచి మల్లుడు. 1983 డిసెంబరు 26న అతనికి కిరీటం పెట్టారు, నెల తిరగకుండానే 1984 జనవరి 23న హల్క్ హోగన్ చేత లాగించారు. అమెరికన్ వీరుని పట్టాభిషేకానికి అతను మెట్టు. 1991 గల్ఫ్ యుద్ధ కాలంలో అదే వజీరికి సైనిక దుస్తులు తొడిగి ‘కల్నల్ ముస్తఫా’ అనే ఇరాకీని చేశారు. ఎనిమిదేళ్ళు ఇరాక్‌తో యుద్ధం చేసి లక్షల ప్రాణాలు పోగొట్టుకున్న దేశపు పౌరుని చేత ఇరాకీ వేషం! రచయితలకు ఆ తేడా తెలియనవసరం లేదు, ప్రేక్షకులకు అక్కరలేదు.

అసలు మేము చెప్పదలచుకున్నది 2004 చివరిలో ప్రవేశపెట్టిన ‘ముహమ్మద్ హసన్’ పాత్ర గురించి. ఆ వేషం వేసిన మార్క్ కొపానీ న్యూయార్కు రాష్ట్రానికి చెందిన ఇటలీ సంతతివాడు. అతని చేత పలికించిన మాటలు ఆలోచించదగినవి. నేను అమెరికన్‌ను, ఇక్కడే పుట్టాను, 2001 సెప్టెంబరు 11 తరువాత నన్ను అనుమానంగా చూస్తున్నారు, విమానాశ్రయంలో నన్నే ఆపుతున్నారు అన్నది అతని ప్రసంగాల సారాంశం. ఇందులో అబద్ధమేమీ లేదు. దుర్మార్గమూ లేదు. అయినా ఆ మాటలు మొదలవగానే ప్రేక్షకులు కేకలతో నోరు మూయించాలి, అదే నాటకం. రీగల్ పాత్రను గర్వానికి శిక్షించారు. హసన్ పాత్రను ఫిర్యాదుకు శిక్షించారు. ఒక ముస్లిం తనకు జరుగుతున్న అన్యాయాన్ని నోరు తెరిచి చెప్పడమే దుష్టత్వానికి సంకేతమని వారం వారం పిల్లలకు అలవాటు చేశారు. బాంబులూ కత్తులూ ఉన్న దుష్టపాత్ర కంటే ఇది మరింత ప్రమాదకరమైనదని మా నిశ్చితాభిప్రాయం.

ఆ పాత్ర చివరికి ఎక్కడికి చేరిందో చూడండి. 2005 జులై 4న చిత్రీకరించిన ఘట్టంలో హసన్ ప్రార్థన భంగిమలో ఉండగా ముసుగు మనుషులు వచ్చి అండర్‌టేకర్ గొంతు బిగించారు. అమెరికాలో అది ప్రసారమైన రోజు జులై 7. ఆనాటి ఉదయమే లండన్ రైళ్ళలో, బస్సులో బాంబులు పేలి 52 మంది అమాయకులు మరణించారు. మృతులలో ముస్లిములు కూడా ఉన్నారు. దుమారం రేగింది, టీవీ సంస్థ ఆ పాత్రను తెరపైకి రానివ్వనన్నది, అదే నెలలో దాన్ని ముగించారు. అనుమానించవద్దని వేడుకున్న మనిషిని ఆరేడు నెలల్లో ఉగ్రవాదుల నాయకునిగా మార్చి, చూశారా మీ అనుమానమే నిజమైందని ప్రేక్షకుల భుజం తట్టారన్నమాట. కొపానీ ఆ తరువాత కుస్తీ విడిచి విద్యారంగంలోకి వెళ్ళి ఒక పాఠశాలకు ప్రధానాచార్యుడయ్యాడు. మంచిదే. ఆ పేరు మాత్రం మన వీధుల్లోని హసన్‌లకు మిగిలింది, వారు దాన్ని విప్పి పెట్టెలో పెట్టలేరు.

వినోదాన్ని ఇంతగా తరచి చూడాలా అని మిత్రులు అంటారు. పీర్ల పండుగకు మన ఊళ్ళలో పులి వేషాలు కట్టేవారిని గుర్తు చేసుకోండి. రంగుల వెనుక ఉన్నది మన వీధివాడే అని అందరికీ తెలుసు. మరునాడు అతనితో కలిసి టీ తాగుతాము. పులిని చూసి నవ్వినవాడెవడూ ఆ మనిషిని చూసి జడుసుకోడు. అసలు మనిషితో పరిచయం ఉన్నచోట వేషం హాని చేయదు. ముస్లిములతో ఏనాడూ కలిసి భోజనం చేయని ఇంట్లో, ముస్లిం అంటే తెరమీది వేషం ఒక్కటే అయినప్పుడు సంగతి వేరు.

మేము చిరకాలం ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేశాము. కాగితం ఎందుకు ఆగిందని అడిగిన ప్రతి మనిషికీ ఏదో ఒక జవాబు దొరికేది. ఒక కార్యాలయంలో వితంతు పింఛను కోసం నాలుగోసారి వచ్చిన ముస్లిం వృద్ధురాలు అదే ప్రశ్న అడిగితే, “మీవాళ్ళకు ఎప్పుడూ ఏడుపే” అన్న జవాబు వచ్చింది. అన్నవారు క్రూరులు కారు. ఆ మాట వారికి ఎక్కడో సిద్ధంగా దొరికింది. బడిలో మన పిల్లవాడిని తాలిబాన్ అని పిలిచినప్పుడు కూడా ఇంతే. పిలిచినవాడి తప్పు చిన్నది. ఫిర్యాదు చేసినప్పుడు “సరదాకంటే అంత ఉడుక్కుంటావేం” అని పంపివేయడమే అసలు గాయం.

ఈ అచ్చు మన ఒక్కరికే ప్రత్యేకం కాదు. 2017లో కెనడాలో పుట్టిన సిక్కు యువకుడు జిందర్ మహల్‌కు కిరీటం పెట్టి, నా రూపం, నా భాష వేరని మీరు ద్వేషిస్తున్నారని అతని చేతా పలికించి, కేకలు వేయించారు. అదే పాత సూత్రం. మార్పు కూడా లేకపోలేదు. సిరియా మూలాలున్న కెనడా ముస్లిం సామీ జేన్, తన మతాన్ని దాచకుండానే, షేక్ వేషం కట్టకుండానే ప్రేక్షకుల అభిమానం పొందాడు. 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో అతను కుస్తీ పట్టినప్పుడు మన తెలుగు ప్రేక్షకులు చప్పట్లతో స్వాగతించారు. సంతోషించదగినదే. అయితే మంచి ముస్లిం పాత్ర ఒకటి దొరికిందని మన పని తీరిపోదు. నవ్వుతూ ఉన్నంత కాలం అందరూ మెచ్చుకుంటారు. విమానాశ్రయంలో నన్నెందుకు ఆపారని అడిగిన రోజున కూడా చప్పట్లు వస్తాయా అన్నది చూడాలి.

పిల్లల చేతిలోని ఫోను లాక్కోమని మేము చెప్పడం లేదు, లాక్కుంటే పక్కింటి ఫోనులో చూస్తారు. పక్కన కూర్చొని, ఈ మాటలు రాసిచ్చినవాడెవడు, ఇతను చెప్పినదాంట్లో తప్పేముందని అడగండి. ఇక పెద్దలకు ఒక మనవి. బడులు తెరిచాక తల్లిదండ్రుల సమావేశానికి తప్పక వెళ్ళి, పిల్లల ఫిర్యాదులు రాసుకునే రిజిస్టరు ఉన్నదా అని ప్రధానోపాధ్యాయులను మర్యాదగా అడగండి. లేకుంటే పెట్టమని రాతపూర్వకంగా కోరండి, అందినట్టు నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. మార్కాపురం, గిద్దలూరు, కంభం వారికి ఆ దరఖాస్తు మేమే రాసిపెడతాము. కాగితం కూడా మాదే.