పిల్లల పేగుపూతకు జిల్లాలోనే స్కానింగ్

నెలల తరబడి కడుపునొప్పి, విరేచనాలు, మలంలో రక్తం, వయసుకు తగ్గ ఎత్తూ బరువూ లేకపోవడం. ఇలాంటి పిల్లలకు మన ఊళ్లలో ముందుగా దొరికేవి నులిపురుగుల మాత్ర, యాంటీబయాటిక్, రక్తం పట్టే టానిక్. వాటితో నయం కానివారిలో కొందరిది పేగుపూత, అంటే క్రోన్స్ లేదా అల్సరేటివ్ కొలైటిస్ కావచ్చు. ఇది పట్నం జబ్బని కొట్టిపారేయలేం. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు పేగు సమస్యలున్న 30 వేల మందికి పైగా కొలనోస్కోపీ చేసి 2023లో వెలువరించిన అధ్యయనంలో, ఈ జబ్బు పల్లెల్లోనూ పట్టణాలతో దాదాపు సమానంగా కనిపించింది. అది పిల్లలకే పరిమితమైన అధ్యయనం కాకపోయినా, ఈ జబ్బు బాల్యంలోనూ మొదలవుతుందన్నది తెలిసిందే.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అనుమానం ఉన్న పిల్లలకు పేగు అల్ట్రాసౌండ్ ఈ మూడుచోట్లా తొలి మెట్టు కావాలి. పొట్ట కుడివైపు కింది భాగంలో ప్రోబ్‌ను మెల్లగా నొక్కుతూ చిన్నపేగు చివరి భాగాన్ని వెతుకుతారు. పేగు గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటితే, పొరలు చెదిరితే, డాప్లర్‌లో రక్తప్రవాహం ఎక్కువగా కనబడితే అనుమానం బలపడుతుంది. దీనికి మత్తు అక్కర్లేదు, రేడియేషన్ లేదు, ఎన్నిసార్లయినా చేయవచ్చు. చిన్నతనంలో సీటీ రేడియేషన్ ఎక్కువగా సోకినవారిలో లుకేమియా, మెదడు కణితుల ముప్పు పెరుగుతుందని 2012లో లాన్సెట్ అధ్యయనం చూపింది. అందుకే అత్యవసరమైతే తప్ప సీటీ జోలికి పోకూడదు. చిన్నపేగును పూర్తిగా చూడటానికి ఎమ్మార్ ఎంటరోగ్రఫీ, అంటే పేగుకు చేసే ఎమ్మారై స్కానే మేలని, పిల్లల్లో ఈ జబ్బు నిర్ధారణకు వాడే 2014 నాటి పోర్టో ప్రమాణాలు చెబుతున్నాయి. కానీ దానికి పిల్లలు చాలా ద్రవం తాగాలి, ఊపిరి బిగబట్టాలి, కదలకుండా పడుకోవాలి. ఆ పరీక్ష నిజంగా ఎవరికి అవసరమో తేల్చేది తొలి స్కానింగే.

అల్ట్రాసౌండ్ ఫలితం చేసేవారి నైపుణ్యంపై ఆధారపడుతుందన్నది న్యాయమైన అభ్యంతరమే. దానికి మందు శిక్షణే కానీ, పరీక్షను మానుకోవడం కాదు. ఇంకో అభ్యంతరం మరింత బలమైనది: పేగు క్షయ కూడా అదే చోట, అదే తీరున గోడను మందం చేస్తుంది. నిజమే, బొమ్మ ఒక్కటే తీర్పు చెప్పలేదు. ఎండోస్కోపీ, బయాప్సీ, క్షయ పరీక్షలు తప్పవు. క్షయను క్రోన్స్‌గా భ్రమపడి స్టెరాయిడ్లు ఇస్తే అది విజృంభిస్తుంది. క్రోన్స్‌ను క్షయ అనుకుని నెలలు గడిపితే పేగు ఇరుకవుతుంది, పిల్లల ఎదుగుదల కాలం తిరిగిరాదు. కాబట్టి స్కానింగ్ చేయవలసింది ముద్ర వేయడం కాదు, సరైన పరీక్షకు త్వరగా దారి చూపడం. స్కాన్ మామూలుగా ఉన్నా లక్షణాలు తగ్గకపోతే పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

ఈ జబ్బు అరుదు, ఇంత ఏర్పాటెందుకని అడగవచ్చు. అపెండిసైటిస్‌కు, గడ్డలకు వాడే యంత్రమే ఇక్కడా పనికొస్తుంది. కొత్తగా కావలసినవి రేడియాలజిస్టులకు హైదరాబాద్ నిపుణుల శిక్షణ, సందేహం వచ్చిన బొమ్మలను వారికి చూపే వీలు, పేగు వాపును సూచించే కాల్‌ప్రొటెక్టిన్‌కు మల పరీక్ష. కూలి మానుకుని కర్నూలుకో హైదరాబాద్‌కో బిడ్డను తీసుకెళ్లే తల్లిదండ్రులకు, ఏ పరీక్ష కోసం వెళ్తున్నారో ముందే తెలియాలి. ఆ మాత్రం స్పష్టత ఇవ్వడం ఈ మూడు కళాశాలల బాధ్యత. అందుకు వైద్యులనూ వసతులనూ సమకూర్చడం ప్రభుత్వ బాధ్యత.