చిన్న ఇల్లు - పెద్దరికము

శేరిలింగంపల్లి మండలములోని నల్లగండ్ల ఒకప్పుడు చెరువు నానుకొనియున్న పల్లె. నేడచ్చట బహుళ అంతస్తుల భవనములు వెలసినవి. హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు బిడ్డలకు చేరువగా నుండగోరి, స్వగ్రామమున మండువా లోగిలిని విడిచి, అచ్చట రెండు గదుల ఇంటికి వచ్చు వృద్ధ దంపతులు కలరు. వారిని చూచి "అయ్యో, ఎట్టి ఇల్లు విడిచి వచ్చిరి!" అని లోకము జాలిపడుచుండును.

ఈ జాలి అనవసరము. తల నెరసి, మనుమని ముఖము చూచిన గృహస్థును మనుస్మృతి వనమునకే పొమ్మన్నది. ఎక్కలేని మెట్లు, ఊడ్వలేని వసారా, తెరువని గదులు ముదిమికి బరువేగదా!

అయితే వానప్రస్థము తనంత తాను స్వీకరించవలసినది. పాత ఇల్లమ్మిన సొమ్ము ఎవరి పేర నున్నదనునదే అసలు ప్రశ్న. క్రొత్త ఇల్లు బిడ్డల పేర వ్రాసి, అందులో అతిథులవలె బ్రతుకుట వివేకము కాదు. ఇచ్చియే తీరవలసివచ్చినచో, తమ్ము పోషించవలెనను షరతును పత్రములోనే వ్రాయించవలెను. ఆ షరతు తప్పినచో ఆస్తి బదిలీని రద్దు చేయించుకొనుటకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టములోని 23వ సెక్షను వీలు కల్పించినది.

పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ఈ సంగతిని విద్యార్థులకు తప్పక చెప్పవలెను. తాతగారి గది చిన్నదైనను చింత లేదు. దాని తాళపుచెవి ఆయన మొలనే యుండవలెను.