చెప్పుకోలేని మంట

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. ముచ్చటపడి కొనిపించుకున్న సైకిలు నెల తిరక్కుండానే మూలన పెట్టేసి, ‘ఆటోలోనే వెళ్తా’నని మొండికేసింది. ‘ఒళ్లు బద్ధకం’ అన్నాడు బావ. నేను పక్కకు పిలిచి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. తొడల మధ్య ఒరుసుకుపోయి చర్మం లేచిపోయిందట. నీళ్లు తగిలితే భగ్గుమంటోందట. ‘అమ్మకు చెప్పలేదేమే?’ అంటే, ‘ఎలా చెప్పను పిన్నీ?’ అంది.

కాలేజీ రోజుల్లో నేనూ చెప్పలేదు. మా అన్నయ్య సైకిలు, వాడికి సరిపోయే సీటు. రెండు నెలలు ఓర్చుకుని మానేశాను. ‘ఆడపిల్లలకు అవన్నీ ఎక్కడవుతాయి’ అన్నారు ఇంట్లో. తప్పు నాది కాదు, సీటుదని చెప్పినవాళ్లు లేరు.

అమ్మాయిలు బడి మానకూడదని బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి విద్యార్థినులకు సైకిళ్ల పథకం పెట్టింది. మంచి పనే. అయితే ప్రభుత్వమైనా, అమ్మానాన్నలైనా సైకిలిచ్చే చేత్తోనే ఈ నాలుగు ముక్కలూ చెప్పొద్దూ?

ఆడవాళ్లకు కూర్చునే ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ. ఇరుకు సీటైతే బరువు ఎముకల మీద కాకుండా మెత్తటి భాగం మీద పడుతుంది. అలాగని మరీ మెత్తటి స్పాంజి కవరు తొడిగినా లాభం లేదు. ఎముకలు అందులో దిగబడి, మధ్య భాగమే నలుగుతుంది. సీటు ముందు కొన పైకి లేచి ఉండకూడదు. పెడలు అడుగుకి వెళ్లినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. సీటు అంతకంటే ఎత్తుగా ఉంటే నడుము అటూ ఇటూ ఊగి ఒరుపు ఎక్కువవుతుంది. ఇదంతా సైకిలు షాపులో ఐదు నిమిషాల పని.

లావుపాటి కుట్లున్న జీన్సు, లేసు లోదుస్తులు వద్దు. దూరం వెళ్లేవాళ్లు మెత్త కుట్టిన సైకిలు షార్ట్స్ వేసుకుంటే దాని కింద లోదుస్తు అక్కర్లేదు. ఒరుసుకునే చోట ముందే కాస్త పెట్రోలియం జెల్లీ రాసుకోవాలి. దిగగానే చెమట బట్టలు మార్చి, కడుక్కుని, తడి లేకుండా ఆరనివ్వాలి. పుండు పడితే మానేదాకా సైకిలు జోలికి పోవద్దు. గడ్డ కట్టినా, తిమ్మిరి తగ్గకపోయినా డాక్టరుకి చూపించాలి.

ఈ బాధ మనకేనా? 2016 రియో ఒలింపిక్స్‌కు సిద్ధమైన బ్రిటన్ మహిళా సైక్లిస్టులకూ తప్పలేదు. వాళ్ల వైద్యబృందం సిగ్గుపడలేదు, నిపుణులతో చర్చించింది. ఆ భాగంలో వెంట్రుకలు చర్మానికి రక్షణ, తీసేయొద్దని ఆటగత్తెలకు సలహా ఇచ్చింది.

ఇంకో సంగతి చెబితే నవ్వుతారేమో. 2004 నుంచి పలు దేశాల్లో కొందరు ఒంటిమీద నూలుపోగు లేకుండా సైకిళ్ల మీద ఊరేగుతున్నారు. పెట్రోలు మోజుకు, రోడ్డు మీద సైకిలు మనిషికి రక్షణ లేకపోవడానికి అది నిరసన. సీటు మీద గుడ్డ పరుచుకోండని, ఒరుసుకునే చోట జెల్లీ రాసుకోండని వాళ్లలో వాళ్లు బాహాటంగానే చెప్పుకుంటారు. బట్టల్లేనివాళ్లు చర్మం గురించి ఇంత శ్రద్ధ తీసుకుంటుంటే, నిండా బట్టలు కట్టుకున్న మనం పంటి బిగువున మంట భరిస్తున్నాం!

అక్కకు నేనే చెప్పాను. సీటు మార్పించింది. పుండు మానాక పిల్ల మళ్లీ సైకిలెక్కింది. మీ ఇంట్లోనూ ఓ సైకిలు మూలన పడి ఉందా? బద్ధకమనుకునే ముందు అమ్మాయిని ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.