ఎప్పుడు, ఎందుకు?

క్విజ్ పోటీలలో ముహమ్మద్ అలీని గురించిన ప్రశ్న తరచుగా వినవస్తుంది. 1960లో రోమ్ ఒలింపిక్స్ స్వర్ణపతకం, 1964లో సోనీ లిస్టన్‌పై విజయం అని విద్యార్థులు తడుముకొనకుండ చెప్పగలరు. కాని ఆయన ఘనత గెలిచినవానిలో కన్న వదులుకొన్నవానిలోనే అధికముగా ఉన్నది. 1967లో తన మతవిశ్వాసానికి విరుద్ధమని వియత్నాం యుద్ధకాలపు సైన్యంలో చేరుటకు నిరాకరించినాడు. ప్రపంచ విజేత బిరుదు పోయినది. అయిదేండ్ల కారాగార శిక్ష పడినది. మూడున్నరేండ్లు బరికి దూరమైనాడు. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసినది. గడచిన యౌవనాన్ని మాత్రం ఏ న్యాయస్థానం తిరిగి ఇవ్వగలదు? తేదీలను కంఠస్థం చేయుట జ్ఞాపకశక్తి. వాటి వెనుక ఒక మనిషి చెల్లించిన మూల్యాన్ని గ్రహించుట విద్య. మన పోటీల నిర్వాహకులు ‘ఎప్పుడు?’ అని అడిగిన పిదప ‘ఎందుకు?’ అని కూడ అడుగవలెనని నా మనవి.