ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ దేనికి?

ఘాట్ దిగేటప్పుడు గేరును న్యూట్రల్‌లో పడేసి బండిని వదిలేస్తే ఆయిల్ మిగులుతుందని నమ్మే డ్రైవర్లు ఇంకా తక్కువేం లేరు. కార్బ్యురేటర్ల కాలంలో అందులో కొంత నిజం లేకపోలేదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్ల లెక్క వేరు. బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి; అది గమనించి కంప్యూటర్ ఇంధనం ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది.

వాలు తక్కువైతే న్యూట్రల్‌లో బండి ఎక్కువ దూరం దొర్లుతుంది కదా అంటారు. నిజమే. కానీ తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డులాంటి చోట, మలుపు మీద మలుపు వస్తుంటే, అలా పెరిగిన వేగాన్ని బ్రేకుతో చంపాల్సిందే. అప్పుడు ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలుతుంది, బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వాలి. నీళ్లు గుమ్మరిస్తే డిస్కు వంకరపోవచ్చు. అసలు అంతదూరం రానివ్వకుండా, వాలు మొదలవకముందే రెండో గేరో మూడో గేరో వేసుకోవడం తెలివి. ఆటోమేటిక్ బండికైనా ‘ఎల్’ గానీ మాన్యువల్ మోడ్ గానీ ఉన్నది ఇందుకే.

గేరులో దిగితే ఇంజిన్ అరుగుతుందని ఇంకో భయం. ఆర్‌పీఎం ముల్లు ఎర్రగీత దాటనంతవరకు దానికేం కాదు. కొందరైతే ఏకంగా తాళంచెవే తిప్పేస్తారు! ఇంజిన్ ఆగితే లారీలో బ్రేకులకు గాలి నింపే కంప్రెసరూ ఆగుతుంది, కారులో స్టీరింగ్ బిగుసుకుంటుంది.