కేబులుపై ఒక్క మాట వ్రాయరాదా?

మా వీథిలో నివసించు విశ్రాంతోపాధ్యాయుడొకరు గత మాఘమాసమున ఒక సాయంకాలము, తమ పాత ఫోనును చేతిరుమాలులో చుట్టుకొని మా యింటికి వచ్చిరి. కీర్తిశేషురాలైన వారి తల్లిగారు పాడిన మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింత పాటలు నలుబది వఱకు అందులో నున్నవి. ఆమె గతించిన పిదప ఆ కంఠస్వరము నిలిచియున్న చోటు లోకమున అదొక్కటే. వానిని కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలెనని వారు కేబులు తగిలింపగా, ఫోను చార్జి అగుచున్నదే గాని కంప్యూటరు తెరపై దాని పేరైనను కానరాలేదు. మరమ్మతు దుకాణమునకు పోగా, "సాఫ్ట్‌వేర్ పోయింది మాస్టారూ, రీసెట్ కొట్టాలి, లోపలున్నవేవీ మిగలవు" అని అక్కడి కుఱ్ఱవాడు చెప్పెనట. ఆ మాట నాతో చెప్పుచున్నప్పుడు వారి గొంతు వణకినది. నేను చేసిన చికిత్స యేమనగా, మా యింటనున్న వేఱొక కేబులును తెచ్చి తగిలించుటయే. ఫోను తెరపై అనుమతి కోరు ప్రశ్న వచ్చినది, సమ్మతించితిమి, పావుగంటలో పాటలన్నియు కంప్యూటరులోనికి వచ్చి చేరినవి.

చెడినది ఫోను కాదు. ఆ మాటకు వచ్చిన, మాస్టారి కేబులును చెడినది కాదు. అది చార్జింగు కొఱకు మాత్రమే చేయబడినది. సాధారణమైన పాత తరపు యు.ఎస్.బి. కేబులును కోసి చూచినచో లోపల నాలుగు సన్నని తీగలుండును. ఎఱ్ఱనిది, నల్లనిది విద్యుత్తును మోయును. తెల్లనిది, పచ్చనిది డేటాను మోయును. ఈ రెండవ జంటను మానివేసి, పైతొడుగును మాత్రము యథాతథముగ నుంచి చౌకగా అమ్మెడు కేబుళ్లు అంగళ్లలో కొల్లలు. టార్చిలైట్లతోను, ట్రిమ్మర్లతోను వచ్చునవి తఱచుగా ఇట్టివే. ఇంటికి చేరిన పిదప అన్నియు ఒకే సొరుగులో పడియుండును. ఏది ఏదియో కన్ను చెప్పజాలదు, చేయి చెప్పజాలదు. కావున మనుష్యుడు తన ఫోనును శంకించును, కంప్యూటరును శంకించును, తుదకు తనకే తెలివి చాలదని క్రుంగిపోవును గాని, ఇరువది రూపాయల కేబులును మాత్రము శంకింపడు.

1996లో వెలువడిన యు.ఎస్.బి. యొక్క మూలసంకల్పము ఇందుకు సరిగా విరుద్ధమైనది. కీబోర్డున కొక రంధ్రము, ప్రింటరున కొక రంధ్రముగా నుండిన కంప్యూటరునకు ఎవరైనను తడబాటు లేక తగిలింపగల ఒకే మార్గమును కల్పింపవలెననునదే ఆ సంకల్పము. ఇంటెల్ సంస్థలో ఆ రూపకల్పనకు సారథ్యము వహించినవారిలో ముఖ్యుడు, మన దేశమున పుట్టి బరోడా విశ్వవిద్యాలయమున చదివిన అజయ్ భట్. ఆ సంకల్పము చాలవఱకు నెఱవేఱినది. 2014లో టైప్-సి వచ్చిన పిదప తలక్రిందులుగా గ్రుచ్చుటయను బాధ కూడ తొలగినది. అయితే ఆకారము ఒక్కటైనకొలదియు లోపలి భేదము మఱింత మఱుగుపడినది. 2023లో వచ్చిన ఐఫోన్ 15 రకములలో సామాన్యమైనది సెకనుకు 480 మెగాబిట్ల వేగమునకే పరిమితము కాగా, ప్రో రకము 10 గిగాబిట్ల వఱకు పోగలదు. రెంటి రంధ్రము ఒక్కటే, పైగా ప్రోతో పెట్టెలో వచ్చిన కేబులు సైతము 480 మెగాబిట్లదే. ఆ వేగమున 60 గిగాబైట్ల ఫొటోలు దిగుటకు లెక్కప్రకారమే పదునేడు నిమిషములు కావలెను. ఆచరణలో అరగంట దాటినను ఆశ్చర్యపడరాదు.

ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుండి తన దేశములలో అమ్మబడు క్రొత్త ఫోనులకు టైప్-సి రంధ్రమే ఉండవలెనని శాసించినది. మన దేశమునను టైప్-సికి ప్రమాణము ప్రకటింపబడినది. ఈ ప్రయత్నములు శ్లాఘనీయములే. కాని రంధ్రమును ఏకము చేసినంతనే కొనువాని సందేహము తీఱదు. యు.ఎస్.బి. ప్రమాణకర్తలు వేగమును, విద్యుత్సామర్థ్యమును తెలుపు చిహ్నములను నిర్ణయించియే యున్నారు. అవి పరీక్షకు నిలిచిన సరకుపై మాత్రమే కనబడును, సంతలో త్రాళ్లవలె వ్రేలాడు కేబుళ్లపై కనబడవు. బిస్కత్తుల పొట్లముపై శాకాహారమో కాదో తెలుపు గుర్తు లేనిదే అమ్మరాదని నియమించుకొన్న దేశమున, డేటా పోని కేబులుపై "చార్జింగుకు మాత్రమే" అని ముద్రింపవలెనను నియమము లేకుండుట నాకు ఎంతమాత్రమును సమంజసముగ తోచుట లేదు.

ఇక మంచి కేబులు ఉన్నను ఫైళ్లు కానరాని సందర్భములు కలవు. వానిలో ప్రధానమైనదానికి నేను తయారీదారులను నిందింపను. 2015లో వచ్చిన ఆండ్రాయిడు 6 మొదలుకొని ఫోను దేనికి తగిలించినను మొదట చార్జింగు మాత్రమే స్వీకరించును; తెరపైనుండి క్రిందికి లాగిన వచ్చు నోటిఫికేషనులో ఫైళ్ల బదిలీని మనము కోరినప్పుడే తలుపు తెఱచును. రైలు స్టేషనులోను, బస్టాండులోను ఎవరిదో తెలియని రంధ్రమునకు ఫోను తగిలించెడు కాలమున ఇట్టి గడియ ఉండవలసినదే. ఐఫోను ఈ కంప్యూటరును నమ్ముదువా యని అడుగుటయు ఇందులకే. తెర తాళము వేసియున్నచో కంప్యూటరునకు ఖాళీ ఫోల్డరు మాత్రమే కనబడవచ్చును. తాళము తీసినంతనే నిండును.

మఱి యొకటి. తొలినాటి ఆండ్రాయిడు ఫోనులు తమ నిల్వ నంతటిని పెన్‌డ్రైవు వలె కంప్యూటరునకు అప్పగించి తాము ఊరకుండెడివి. 2011లో ఆండ్రాయిడు 3 నుండి ఎం.టి.పి. యను పద్ధతి ప్రవేశించినది. ఇందు ఫోను తన నిల్వను తానే ఏలుకొనుచు, అడిగిన ఫైలును మాత్రము అందించును. ఈ పద్ధతిలో ఒక పని ముగియనిదే మఱొక పనికి పూనుకొనజాలదు. ఇప్పుడే తీసిన వీడియో తన పట్టికలో నమోదు కానంతవఱకు దానిని చూపనే చూపదు. ఫోనును ఒకమాఱు ఆపి వేసిన ఆ పట్టిక సరియగుట కద్దు. మాక్ కంప్యూటరునకు ఈ భాష స్వతహాగా రాదు. వేఱొక ప్రోగ్రాము తోడు కావలెను. ఆండ్రాయిడు 11 తరువాతి ఫోనులందు వాట్సాప్ చిత్రములు వెనుకటి చోట గాక, ఆండ్రాయిడ్ అను ఫోల్డరులోని మీడియా అను ఫోల్డరులో నుండుట తెలియక, అవి పోయినవని దుఃఖించువారిని ఎఱుగుదును. రంధ్రములోని నూలుపోగులను, కంప్యూటరు ముందుభాగపు వదులు రంధ్రములను గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు.

క్లౌడు ఉండగా ఈ కేబులు గొడవ యేల యని యువకులు అడుగుదురు. గూగుల్ ఉచితముగ నిచ్చు 15 గిగాబైట్లు ఒక పెండ్లి వీడియోలకే నిండిపోవచ్చును. పల్లెలో సిగ్నలు అందక ఎక్కింపులు రాత్రులు రాత్రులు సాగును. అంతకంటె ముఖ్యముగ, తల్లి గొంతు వంటి వస్తువునకు ఒక ప్రతి మన యింట, మన చేతిలో నుండవలెనని నేను దృఢముగ నమ్ముదును. ఆ ప్రతిని తీయునపుడు "కట్" చేయరాదు, "కాపీ"యే చేయవలెను. కేబులు నడుమ కదలినచో కట్ చేసినది ఎటును కాకుండ పోవచ్చును. ఫైళ్ల సంఖ్య సరిచూచి, నాలుగింటిని తెఱచి విని, ఆ పిమ్మటనే ఫోనులోనివి తుడువవలెను.

ప్రమాణములను నిర్ణయించు అధికారులు "చార్జింగుకు మాత్రమే" అను ఆ ఒక్క మాటను కేబులుపై నిర్బంధము చేయుదురుగాక. అంతవఱకు పాఠకులు దుకాణములోనే ఫోనునకు, కంప్యూటరునకు నడుమ తగిలించి చూచి కేబులు కొనుడు. ఇంటి సొరుగులోని వానిని నేడే పరీక్షించి, డేటా పోని దానికి ఒక ఎఱ్ఱదారము కట్టియుంచుడు. కేబులు మార్చి చూడనిదే రీసెట్టునకు ఎవరి చేతికిని ఫోను నీయకుడు.