అమ్మమ్మ కీర్తన ఏ లిపిలో?

ప్రాణహిత అవతల మా సిరోంచలో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నాకు తెలుగు అక్షరాలొచ్చింది 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలోనే. పురుషోత్తమ చౌధరి (1803–1890) గారి పశ్చాత్తాప కీర్తన మీద అమ్మమ్మ వేలు పెట్టి చదివించేది. తప్పు చేసి దేవుణ్ణి క్షమాపణ అడగాలంటే ఇప్పటికీ నాకు ఆ మాటలే వస్తాయి. మరాఠీ బాగానే మాట్లాడతా, కానీ అందులో ప్రార్థిస్తే ఏడుపు రాదు.

ఇప్పుడు మా పిల్లలు ఆ కీర్తనను దేవనాగరిలో రాసుకుని పాడుతున్నారు. పాడితే చాలు కదా అంటారు పెద్దలు. నేనొప్పుకోను. ఆ ఒక్క పాట నోటికొస్తుంది, సరే. పుస్తకంలో మిగతావి ఎవరు చదువుతారు? చౌధరి గారు తెలుగులో అన్ని కీర్తనలు రాస్తే, మనకు అక్షరాలే బరువా? సండే స్కూల్లో అరగంట చాలు. వేసవి సెలవుల్లో నేనే మొదలుపెడతా. మీ ఇళ్లలో పాత ఒకటో తరగతి తెలుగు వాచకాలుంటే ఇవ్వండి, చిరిగినా పర్లేదు.